ఎక్కడికి అనకూడదు

మా అత్తవారింట్లో ఒక నియమం ఉంది. ఎవరైనా చెప్పులు తొడుక్కుని గడప దాటుతుంటే "ఎక్కడికి?" అని అడగకూడదు. అడిగితే వెళ్ళే పని చెడుతుందట. పొరపాటున ఎవరి నోరైనా జారిందా, వెళ్ళే మనిషి వెనక్కి రావాలి, చెప్పులు విప్పాలి, కూర్చోవాలి, గ్లాసుడు మంచినీళ్ళు తాగాలి, అప్పుడు మళ్ళీ బయల్దేరాలి. ఈ శాసనాన్ని పట్టుదలగా నడిపించేది మా మావగారు. బళ్ళో లెక్కలు చెప్పి రిటైరయిన మనిషి. తరగతిలో దేన్నీ రుజువు లేకుండా ఒప్పుకునేవారు కాదట. ఈ ఒక్కదానికి మాత్రం ఆయన్ని ఎవరూ రుజువు అడగలేదు.

నేను నెల్లిమర్ల పిల్లని. మా పుట్టింట్లో మిల్లు సైరన్ మోగిందంటే ఎవరెక్కడికి పోతున్నారో వీధి చివరిదాకా వినపడేలా అరిచి అడిగేవాళ్ళం. ఆ అలవాటుతోనే విజయనగరం కాపరానికొచ్చిన కొత్తలో, మావగారు గొడుగు చంకన పెట్టుకుని మెట్లు దిగుతుంటే, మర్యాదగా ఉంటుందనుకుని "ఎక్కడికి మావయ్యా?" అన్నాను. ఆయన వెనక్కొచ్చారు. చెప్పులు విప్పారు. కుర్చీలో కూర్చుని, నీళ్ళు తెప్పించుకుని, గుక్క గుక్కగా తాగారు. ఈలోగా ఆయన ఎక్కాల్సిన బస్సు హారన్ కొట్టుకుంటూ వెళ్ళిపోయింది. ఆయన నన్ను ఒక్క మాటా అనలేదు. "ఆ బస్సు తప్పితే మళ్ళీ సాయంత్రమే" అని గోడకి చెప్పారు. వంటింటి తలుపు చాటున మా అత్తగారు కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతుండటం నా కంట పడింది.

అప్పుడే నాకు అర్థమైంది, ఈ ఇంట్లో నేను ఎవరి పక్షాన ఉండాలో. అత్త లేని కోడలు ఉత్తమురాలంటారు గానీ, నాకు అత్త ఉండబట్టే రోజులు హాయిగా గడిచాయి.

నియమం పెట్టిన మనిషి కంటే దాన్ని వాడుకున్న మనిషి తెలివైనది. మావగారి నియమం వల్ల బాగుపడ్డది ఒక్క మా అత్తగారే. ఆవిడ సంచీ పట్టుకుని గడప దాటితే అడిగే హక్కు ఎవరికీ లేదు. ఎదురింట్లో సీరియల్ చూడ్డానికి వెళ్ళినా, గంటస్తంభం దగ్గర బజ్జీలు తినడానికి వెళ్ళినా, అడిగేవాళ్ళేరి? తిరిగొచ్చాక అడగొచ్చు, దానికి నియమం అడ్డు రాదు. అందుకని ఆవిడ వస్తూ వస్తూ నుదుట ఇంత విభూతి పూసుకుని వచ్చేది. విభూతిని చూశాక బజ్జీల సంగతి ఎవరికీ తట్టదు.

కిందటి కార్తీకంలో ఒక మధ్యాహ్నం, ఇద్దరం చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తుంటే, ఆవిడ నా వైపు జరిగి కూర్చుంది. గొంతు తగ్గించింది. ఆవిడ గొంతు తగ్గించిందంటే పెద్ద విషయమే అయి ఉంటుంది.

"మా పుట్టింటి పెరట్లో నూతి కాడ నిలబడితే ఎదర కొండలు. పళ్ళు తోముకున్నా కొండే, నీళ్ళు తోడినా కొండే. పెళ్ళయ్యేదాకా దాన్ని సూస్తానే ఉన్నాను. అది కూడా నన్ను సూస్తాదనుకునేదాన్ని. ఆ కొండెక్కి సూస్తే మా పెరడు ఎలాగ కనిపిస్తాదో సూడాల. నెల పోతే డాక్టరు కళ్ళు కోస్తానన్నాడు. కోసినాక ఉన్న సూపు ఉంటాదో పోతాదో. ఉన్నప్పుడే ఒకపాలి సూసేస్తాను."

ఆవిడ పుట్టిల్లు పాలకొండ అవతల. రెండు కళ్ళలోనూ శుక్లాలు. ఆపరేషన్ అంటే ఇప్పుడు పన్ను పీకించుకున్నంత పని కూడా కాదని డాక్టరు చెప్పాడు, మా ఆయన చెప్పాడు, నేనూ చెప్పాను. ఆవిడ వినలేదు. కత్తి కంట్లోకి వెళ్ళాక ఎవడి హామీ చెల్లదంది. ఆ భయం నిజం భయమని, ఆ కోరిక నిజం కోరికని నాకు తెలిసిపోయింది. మరి మావయ్యకి చెప్పొచ్చు కదా, ఆయనే తీసుకెళ్తారు కదా అన్నాను.

"ఆయనకి సెప్తే పంచాంగం తీస్తారు. పంచాంగం తీస్తే నా కళ్ళు కోసినాకే మంచిరోజు వస్తాది" అంది. తర్వాత ఇంకో మాట కూడా అంది. ఈ కోరిక తను ఎవరికీ చెప్పలేదట, పుట్టి బుద్ధెరిగాక నాకే చెప్తోందట. నా ఛాతీ ఉప్పొంగింది. కోడలిగా అంతకంటే పెద్ద పదవి ఏముంటుంది? ఆ ఉప్పొంగిన ఛాతీతోనే ఒప్పేసుకున్నాను.

కార్తీక సోమవారం ఎంచుకున్నాం. ఆ రోజున పెద్దావిడ బుట్ట పట్టుకుని బయటికి వెళ్తే లోకమంతా శివాలయమే అనుకుంటుంది. బుట్టలో పైపైన కొబ్బరికాయ, పత్రి పెట్టాం. అడుగున పులిహోర, మంచినీళ్ళ సీసా. మా ఆయన డ్యూటీకి వెళ్ళిపోయాడు, నేను ఉద్యోగానికి సెలవు పెట్టాను. అంతా సవ్యంగానే ఉంది గానీ, అత్తగారి మోకాళ్ళకి కొండదారిలో చెప్పులు పనికిరావని నా కాన్వాస్ బూట్లు తొడిగాను. నేత చీర కింద తెల్ల బూట్లు. ఆవిడ నాలుగడుగులు వేసి చూసుకుని, పోలీసు కానిస్టేబుల్లా ఉన్నానా అని అడిగింది. హెడ్ కానిస్టేబుల్లా ఉన్నావన్నాను.

మావగారు వరండాలో పొందూరు ఖద్దరు చొక్కా వేసుకుని పేపరు చదువుతున్నారు. పేపరు దించారు. కొబ్బరికాయని చూశారు. బూట్లని చూశారు. బూట్ల మీదే కాసేపు చూపు నిలిపారు. ఆయన నోరు తెరవడం, మళ్ళీ మూసుకోవడం నేను కళ్ళారా చూశాను. అంతకాలం నిలబెట్టిన నియమాన్ని ఒక జత బూట్ల కోసం ఆయన ఎలా చెరుపుకుంటారు? "జాగ్రత్త" అని మాత్రం అన్నారు. సందు మలుపు తిరిగేదాకా మేమిద్దరం నవ్వలేదు. తిరిగాక అత్తగారు ఒక గోడ పట్టుకుని మరీ నవ్వింది.

బస్సులో ఆడవాళ్ళకి టిక్కెట్టు లేదు కదా, ఆ దర్జాయే వేరు. అత్తగారు ఆధార్ కార్డుని కండక్టరు ముక్కు దగ్గరికి పెట్టి, ఈ ఫొటోలో ఉన్నది తనే, నమ్మబుద్ధి కాకపోయినా తనే అంది. పాలకొండ దాటాక తన ఊరి రోడ్డు మలుపు వచ్చింది. తొంగి చూస్తుందనుకున్నాను. చూడలేదు. కింద నుంచి ఎన్నిసార్లో చూశానంది, పైనుంచి చూసేదాకా ఆగుతానంది. కొండ కింద దిగి, అక్కణ్ణుంచి పైకి ఆటో. దారి పొడుగునా సీతాఫలాల గుట్టలు, అడవి పచ్చగా, మలుపు తిరిగిన ప్రతిసారీ ఆవిడ నా మోచెయ్యి గట్టిగా పట్టుకోవడం. ఆ గోళ్ళ గుర్తులు రెండు రోజులున్నాయి.

కొండ మీద గిరిజన గ్రామం అని ఒకటి కట్టారు, మనలాంటివాళ్ళు చూసి పోవడానికి. నిజంగా మనుషులుండే ఊరు కాదు. నిజం ఊళ్ళు దానికి ఇంకా పైన, లోపల ఉన్నాయి. ఇక్కడ ఎర్రమట్టి గోడలు, వాటి మీద తెల్లటి గీతలతో చేతులు పట్టుకుని ఆడే మనుషులు, గుర్రాలు, సూర్యుడు. ఒకే వరసలో గడ్డి కప్పిన నాలుగైదు ఇళ్ళు, వాటన్నిటికీ కలిపి పొడుగాటి అరుగు. అవతల కొండ అంచున ఇనప కటకటాలు, అక్కణ్ణుంచి కింద పల్లమంతా కనిపిస్తుందని బోర్డు. కటకటాల పక్కన పెద్ద ఎర్ర గుండె బొమ్మ, దాంట్లో దూరి ఫొటో దిగడానికి కాలేజీ పిల్లలు వరస కట్టారు.

నేను నీళ్ళ సీసా నింపుకుని వచ్చేసరికి మా అత్తగారు మొదటి ఇంటి గుమ్మం ముందు కూర్చుని బూట్ల లేసులతో కుస్తీ పడుతోంది. ఇంట్లోకి బూట్లతో వెళ్తే బాగోదంది. ఊడదీసి పెట్టాను. ఆవిడ లేచి, చీర సర్దుకుని, గుమ్మం బయట నిలబడి దగ్గింది. లోపల చీకటిగా ఉంది. ఆ చీకట్లో తిరగలి ముందు కూర్చుని, పిడి మీద చెయ్యేసి, తల వంచుకుని ఒకావిడ. మట్టితో చేసి, రంగులేసి, చీర కట్టిన బొమ్మ. నాకు గుమ్మంలోంచే తెలుస్తోంది. శుక్లాల కళ్ళకి తెలియలేదు.

అత్తగారు లోపలికి రావొచ్చా అని అడిగింది. జవాబు లేదు. మళ్ళీ అడిగింది. ఆవిడ ముఖం మారింది.

"ఏటమ్మా, పెద్దదాన్ని గుమ్మంలో నిలబడితే రా, కూకో అనవేటి? అంత పనేటి నీకు?"

చెప్పొచ్చు. అత్తా, అది బొమ్మ అని ఒక్క ముక్క చెప్తే సరిపోయేది. కానీ కాపరానికొచ్చిన నాటి నుంచి మర్యాద గురించి ఆవిడ నాకు చెప్పిన పాఠాలన్నీ ఆ క్షణంలో గుర్తొచ్చాయి. ఈ బొమ్మ కూడా కొన్ని నేర్చుకుంటే పోయేదేముంది అని ఊరుకున్నాను. అప్పుడు, నేను కలలో కూడా అనుకోనిది జరిగింది. లోపల్నుంచి జవాబు వచ్చింది.

"రా. కూకో."

నేను గుమ్మం వదిలి ఒకడుగు వెనక్కేశాను. అత్తగారు మాత్రం, ఇప్పటికి నోరొచ్చింది అన్నట్టు తలాడించి లోపలికెళ్ళి పీట లాక్కుని కూర్చుంది. ఏం విసురుతున్నావని అడిగింది. చోళ్ళు అంది గొంతు, రాగులన్నమాట. ఎంతసేపట్నుంచి అని అడిగింది మా అత్తగారు, జాలిగా.

"ఈ ఇల్లు కట్టిన కాడ్నించీ ఇసురుతున్నాను. గుప్పెడు పిండి రాల్లేదు."

అత్తగారు ఒక్క నిమిషం ఆలోచించింది. ముందుకి వంగి ఆ చేతిని తాకి చూసింది. బుగ్గని తాకి చూసింది. తర్వాత నా వైపు తిరిగి ఒక చూపు చూసింది. ఆ చూపు నాకు చాలాకాలం గుర్తుంటుంది. అప్పుడు వెనక గోడ అవతల్నుంచి పకపకా నవ్వు, ఆ నవ్వు వెనకాలే చీపురు పట్టుకుని ఒక పెద్దావిడ ఇల్లు చుట్టి వచ్చింది. ముక్కుకి రెండు వైపులా పుడకలు, భుజం మీద తువ్వాలు. ఈ ఇళ్ళు ఊడ్చి, అలికి చూసుకునేది తనేనట, తనుండేది పైన గూడెంలోనట. వచ్చేవాళ్ళంతా బొమ్మ పక్కన కూర్చుని ఫొటోలు దిగేవాళ్ళే గానీ, బొమ్మని లోపలికి రావొచ్చా అని అడిగిన మనిషి ఇన్నాళ్ళకి ఒకతే కనిపించిందట. జవాబు చెప్పకపోతే పాపం కదా అని చెప్పిందట.

మా అత్తగారికి కోపం వస్తుందని భయపడ్డాను. ఆవిడ నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, ఆ పెద్దావిడని చెయ్యి పట్టి పక్కన కూర్చోబెట్టుకుంది. పులిహోర పొట్లం విప్పింది. ఇద్దరూ పిల్లల గురించి, మోకాళ్ళ గురించి, కోడళ్ళ గురించి మాట్లాడుకున్నారు. కోడళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఇద్దరూ నా వైపు చూసి గొంతులు తగ్గించారు. చేసిన పాపం ఊరికే పోదు.

తిన్నాక అత్తగారు లేచి బూట్లు తొడిగించుకుని కటకటాల వైపు అడుగేసింది. వెనక నుంచి ఆ పెద్దావిడ, సొంత అక్కని పిలిచినట్టు, మామూలుగా అడిగింది:

"ఎక్కడికి, అప్పా?"

నేను కళ్ళు మూసుకున్నాను. మా అత్తగారు ఆగింది. వెనక్కొచ్చింది. అరుగు మీద కూర్చుని బూట్లు విప్పమని నాకు కాళ్ళు చాపింది. మంచినీళ్ళు అడిగింది. ఆ పెద్దావిడ కంగారుపడి, కళ్ళు తిరిగాయా, ఎండ తగిలిందా అని తువ్వాలుతో విసరడం మొదలుపెట్టింది. నేను లేసులు ఊడదీస్తూ మా ఇంటి నియమం అంతా చెప్పాను. ఆవిడ నోరు తెరుచుకుని విన్నది.

"మా కాడ దారిలో మడిసి ఎదురైతే ఎక్కడికి అని అడగాల. అడక్కపోతే తప్పు. నువ్వు ఎక్కడికి పోతే నాకేటి అన్నట్టు కదా?" అంది.

అత్తగారు నీళ్ళ సీసా పక్కన పెట్టింది. ఇంతసేపూ నవ్విన మనిషి ముఖం మీద ఇప్పుడు నవ్వు లేదు. "మా ఇంట్లో ఇన్నేళ్ళలో నన్నెవరూ అడగలేదు" అంది మెల్లగా. అది ఫిర్యాదు కాదు. ఆ సంగతి ఆవిడకి కూడా అప్పుడే తెలిసినట్టుంది. బజ్జీల కోసం, సీరియల్ కోసం ఆ నియమం ఎంత బాగుందోనని మేమిద్దరం ఎన్నిసార్లు నవ్వుకున్నామో నాకు గుర్తొచ్చింది.

అప్పుడు ఆ పెద్దావిడ అడిగిన ప్రశ్నకి మా అత్తగారు జవాబు చెప్పింది. నూయి, పెరడు, కొండ, కళ్ళు, అన్నీ. వినేసి పెద్దావిడ చీపురు పక్కన పెట్టి, తనూ వస్తానని లేచింది. నేను మళ్ళీ లేసులు కట్టాను.

కటకటాల దగ్గర ఎర్ర గుండెలో దూరిన పిల్లల్ని పక్కకి జరిపించి అత్తగారిని నిలబెట్టాం. కింద పల్లం. ఎండ ఎక్కి, పొగమంచు పూర్తిగా విడవక, దూరమంతా పల్చని మజ్జిగలా ఉంది. నా కళ్ళకే పొలాల గళ్ళు, ఒక చెరువు మెరుపు తప్ప ఊళ్ళు తేలడం లేదు. అత్తగారు కటకటాలు రెండు చేతుల్తో పట్టుకుని, మెడ ముందుకి చాచి చూసింది. కొంగుతో కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూసింది. ఏం కనిపిస్తోందని అడిగాను. తెల్లగా ఉందంది. అంతా తెల్లగానే ఉందంది.

అంతదూరం వచ్చి, ఉన్న చూపుతో చూద్దామని వచ్చి, ఆ చూపు ఈ కటకటాల దగ్గరే ఆగిపోయింది. ఆవిడ గొంతులో ఏడుపు జీర విని తట్టుకోలేకపోయాను. అబద్ధమాడాను. అదిగో అత్తా, మీ ఊరు, ఆ వరసగా తాడిచెట్లు, తాడిచెట్ల పక్కన పెంకుటిల్లు, వెనక పెరడు, అన్నీ కనిపిస్తున్నాయి అన్నాను.

"మా ఊళ్ళో తాడిసెట్లు లేవు. అబద్దం ఆడితే ఆడేవు గానీ, కాస్త అడిగి ఆడు" అంది.

పెద్దావిడ నా వంక చూసి ఇలాంటి కోడలిని ఎక్కడ పట్టావన్నట్టు నవ్వి, మీ ఊరికి గుర్తేమిటని అత్తగారిని అడిగింది. రైసుమిల్లు గొట్టం, మా పెరటి గోడ పక్కనే ఉండేది, దాని మసికి ఆరేసిన బట్టలన్నీ నల్లబడేవి అంది అత్తగారు. అంతే, పెద్దావిడ ఆవిడ భుజం మీద చెయ్యేసింది.

"పొగ ఊరు. మేం పొగ ఊరనేవోళ్ళం. కట్టెలకొచ్చినప్పుడు ఇక్కడే కూకుని సూసేవోళ్ళం. మిల్లని మాకు తెల్దు. ఒక ఇంటి పొయ్యి అనుకునేదాన్ని. ఏ మాతల్లో గానీ పొద్దు పొడిసింది మొదలు వండుతానే ఉన్నాది, ఇంటినిండా ఎంతమంది తింటన్నారో అనుకునేదాన్ని. పొగ రానినాడు పాపం ఆయమ్మకి ఒంట్లో బాగోలేదనుకుని జాలేసేది నాకు."

అత్తగారు ఆవిడ వైపు పూర్తిగా తిరిగింది. పొగ ఎటు పోయేదని అడిగింది. గాలి మళ్ళితే చెరువు మీదకి వాలేదట. చెరువు ఎలా ఉండేదని అడిగింది. పొద్దున్నపూట గాజుపెంకులా మెరిసేదట. చెరువుకి గొట్టానికి మధ్య ఆకుపచ్చగా చిన్న ముక్క ఉండేది, అదేమిటో తెలియదందావిడ. "అదే. అదే మా పెరడు" అంది అత్తగారు. అత్తగారు అడుగుతూనే ఉంది, పెద్దావిడ చెప్తూనే ఉంది. మా అత్తగారు ఇంక కటకటాల వైపు తిరగలేదు. ఆ పెద్దావిడ ముఖంలోకే చూస్తూ తన ఊరంతా చూసేసింది.

ఎండాకాలం రాత్రుళ్ళు కొండ మీద మంటల వరస కనిపించేదని, దేవతలు దీపాలు పెట్టారనుకుని దణ్ణం పెట్టేదాన్నని అత్తగారు చెప్పింది. అవి పోడు కోసం తాము పెట్టిన మంటలని, ఆ దణ్ణాలన్నీ తమకే ముట్టాయని పెద్దావిడ అంది. కొండెక్కితే పులి తింటుందని అమ్మ బెదిరించేది, లేకపోతే ఎప్పుడో వచ్చేదాన్నని అత్తగారు అంది. తమ అమ్మ కూడా బెదిరించేదట, దిగితే షావుకారు పట్టుకుంటాడని. "పులైతే ఒకపాలే తింటాది" అందావిడ. మా అత్తగారు ఆవిడ చేతిని రెండు చేతుల్తో పట్టుకుంది.

వచ్చేటప్పుడు పెద్దావిడ తమ ఇంటి కొండచీపుర్లు ఒక కట్ట మా అత్తగారి చేతిలో పెట్టింది. అత్తగారు కొబ్బరికాయ ఆవిడకిచ్చేసింది. ఇక్కడే మా పథకం మొత్తం చెడింది. శివాలయం నుంచి కొబ్బరిచిప్పతో రావాల్సిన మనిషి మనిషెత్తు చీపుళ్ళతో ఎలా వస్తుంది? బస్సులో పడేద్దామన్నాను. తన స్నేహితురాలు ఇచ్చినవి పడెయ్యనంది. విభూతి పూసుకోవడం కూడా మర్చిపోయింది.

మావగారు వరండాలోనే ఉన్నారు. చీపుళ్ళని పైనుంచి కిందకి చూశారు.

"శివాలయంలో చీపుళ్ళు ప్రసాదం పెడుతున్నారా?"

దేవుడు గుడి ఊడ్చమన్నాడని అత్తగారు ఠక్కున చెప్పి లోపలికి వెళ్ళిపోయింది. నేను ఆవిడ వెనకాల కుక్కిన పేనులా నడిచాను. ఆయన ఇంకేమీ అడగలేదు. గండం గడిచిందని ఇద్దరం అనుకున్నాం.

మర్నాడు పొద్దున్న ఆవిడ కొత్త చీపురు విప్పి వరండా ఊడవడం మొదలుపెట్టింది. కొత్త కొండచీపురు మొదటి నాలుగు రోజులూ ఊడ్చేదానికంటే రాల్చేది ఎక్కువ. నూగంతా లేచి మావగారి ఖద్దరు చొక్కా మీద, పేపరు మీద, కాఫీ మీద వాలింది. ఆయన విసుక్కుంటారని కొత్త కాఫీ పట్టుకుని నేను గుమ్మంలోకి వచ్చాను. ఆయన చొక్కా మీద నూగు ఒక్కొక్కటే తీస్తూ, తల ఎత్తకుండా అడిగారు.

"మీ ఊరు కనపడిందా?"

చీపురు ఆగింది. ఎవరు చెప్పారని అత్తగారు నా వైపు గుడ్లురిమింది. నేను కాదని తల అడ్డంగా ఊపాను.

"నువ్వే చెప్పావు. పెళ్ళయిన కొత్తలో, మీ పెరట్లో, నూతి దగ్గర. శివాలయానికి బూట్లేసుకుని ఎవరు వెళ్తారు?" అన్నారాయన.

అంటే ఆ రహస్యం నాకు మొదట చెప్పింది కాదు. నా పదవి అక్కడికక్కడే ఊడింది. అత్తగారు నన్ను చూడటం లేదు. సూద్దాంలే అన్నారు కదా మీరు అప్పుడు అంది. అన్నాను అన్నారాయన. ఆవిడ వరండా మిగతా సగం చాలా నెమ్మదిగా ఊడ్చింది.

మాఘమాసం వచ్చేసరికి ఆవిడకి రెండు కళ్ళూ బాగయ్యాయి. కట్టు విప్పిన రోజున నా వంట గట్టు మీద జిడ్డు కూడా కనిపించడం మొదలైంది. అది నాకు పడ్డ శిక్ష అనుకున్నాను. అలాంటి ఒక ఉదయం మావగారు గదిలోంచి బయటికొచ్చారు. గంజి పెట్టిన ఖద్దరు, చంకన గొడుగు, కాళ్ళకి కొత్త కాన్వాస్ బూట్లు. ఎప్పుడు కొన్నారో ఎవరికీ తెలియదు. గడప మీద కాలు పెట్టారు. నేను, మా ఆయన గుడ్లప్పగించి చూస్తున్నాం. ఎవరికీ అడిగే వీల్లేదు.

వంటింట్లోంచి అత్తగారి గొంతు ఇంటికప్పు ఎగిరిపోయేలా వినిపించింది.

"ఎక్కడికి?"

మా ఆయన తల పట్టుకున్నాడు. మావగారు గడప మీద ఆగిపోయారు. వెనక్కొచ్చారు. కుర్చీలో కూర్చున్నారు. చెప్పులైతే విదిలిస్తే వస్తాయి, బూట్లు అలా రావు. వంగి, ఆయాసపడుతూ ఒక లేసు లాగారు. అది ముడి పడింది. ఇంకో లేసు లాగారు. అత్తగారు నీళ్ళ గ్లాసు తెచ్చి ఎదురుగా నిలబడింది. ఆయన తాగారు. గ్లాసు ఖాళీ అయింది. ఇప్పుడు అందర్నీ కోప్పడతారని ఎదురుచూస్తున్నాం.

ఆయన తల ఎత్తి ఆవిడ కళ్ళలోకి చూశారు. ఆయన నోట మా అత్తగారి యాస నేను విన్నది ఆ ఒక్క రోజే.

"కొండకి. నీ పెరడు నాను కూడా సూడాల. నువ్వు సూపించాల."

అత్తగారు ఖాళీ గ్లాసు నా చేతిలో పెట్టి, ఆయన ముందు కింద కూర్చుని, ముడి పడ్డ లేసు విప్పడం మొదలుపెట్టింది. ఇంత ఆలస్యం చేస్తే బస్సు పోతాది, మీకైతే టిక్కెట్టు కూడా కొనాల అని సణిగింది.

"పోతే ఇంకోటి వస్తాది" అన్నారు మావగారు.